గంట జరిపితే పొద్దు పెరుగుతుందా? బరంపురం నుంచి నాందేడ్ దాకా ఒక లెక్క

జూన్ 21న బరంపురంలో సూర్యుడు సుమారు 5:14కి పొడుస్తాడు. అదే ఉదయం జయపురంలో 5:24, గోదావరి ఒడ్డున సిరొంచలో 5:34, నాందేడ్‌లో 5:44. నాలుగూ దాదాపు ఒకే అక్షాంశం మీద, 19 డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉన్న ఊళ్లు. ఒడిశాలో రెండు, మహారాష్ట్రలో రెండు. నాలుగింటిలోనూ వీధిలోకి వెళ్తే తెలుగు వినిపిస్తుంది, నాలుగింటిలోనూ గోడ గడియారం ఒకే టైము చూపిస్తుంది. పొద్దు మాత్రం ఈ కొసకూ ఆ కొసకూ అరగంట తేడాతో నడుస్తుంది.

లెక్క తేలికే. భూమి ఒక్క డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. బరంపురం రేఖాంశం సుమారు 84.8 డిగ్రీలు, నాందేడ్‌ది 77.3. తేడా ఏడున్నర డిగ్రీలు, అంటే 30 నిమిషాలు. దేశానికంతా టైము చెప్పే 82.5 డిగ్రీల రేఖ ఒడిశాలో సరిగ్గా జయపురం పక్క నుంచి పోతుంది. కాబట్టి ఏడాది సగటున చూస్తే, గడియారంలో పన్నెండూ నడినెత్తిన పొద్దూ కలిసే ఊరు ఈ నాలుగింటిలో జయపురం ఒక్కటే. బరంపురంలో అసలు మధ్యాహ్నం సగటున 11:51కే అయిపోతుంది. నాందేడ్‌లో 12:21 దాకా ఆగాలి.

ఏడాదికి రెండుసార్లు గడియారం జరిపే పద్ధతి (వేసవిలో గంట ముందుకు, చలికాలంలో మళ్లీ వెనక్కి; దీన్నే డేలైట్ సేవింగ్ టైమ్ అంటారు) గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్క ముందుగా ఎందుకంటే, చర్చలో రెండు వేర్వేరు సమస్యలు కలగాపులగం అయిపోతుంటాయి. ఒకటి ఋతువుది: వేసవిలో పగలు పొడుగు, చలికాలంలో పొట్టి. రెండోది రేఖాంశానిది: తూర్పున బేగి తెల్లారుతుంది, పడమటన ఆలస్యంగా. డేలైట్ సేవింగ్ టైమ్ మొదటి దానికి మందు. మన జిల్లాలకు ఉన్నది రెండో జబ్బు.

లండన్‌లో జూన్ 21న పగలు 16 గంటల 38 నిమిషాలు, డిసెంబర్ 21న 7 గంటల 50 నిమిషాలు. దాదాపు తొమ్మిది గంటల తేడా. గడియారం జరపకపోతే జూన్‌లో అక్కడ తెల్లవారుజామున 3:43కే ఎండ వచ్చేస్తుంది, అప్పుడు ఊరంతా నిద్రలో ఉంటుంది. ఆ వృథాపోయే పొద్దులో ఒక గంట తీసి సాయంత్రానికి అతకడమే ఈ పద్ధతి సారాంశం. బరంపురంలో జూన్ పగలు 13 గంటల 17 నిమిషాలు, డిసెంబర్ పగలు 10 గంటల 58 నిమిషాలు. తేడా రెండు గంటల ఇరవై నిమిషాలు మాత్రమే, అదీ పొద్దున సగం, సాయంత్రం సగం పంచుకుంటుంది. పైగా జూన్‌లో 5:14కి పొడిచే పొద్దు మన దగ్గర వృథా ఏమీ కాదు. గోపాలపూర్‌లో తెలుగు మత్స్యకారుల తెప్పలు అంతకు ముందే సముద్రంలో ఉంటాయి. పొలానికి వెళ్లేవాళ్లు ఎండ ఎక్కకముందే సగం పని ముగిస్తారు. బరంపురం పట్టు నేసే ఇళ్లలో అంచు కుంభం పోగులు కంటికి స్పష్టంగా కనపడేది పగటి వెలుగులోనే. వీళ్లెవరికీ ఎవరూ గడియారం జరిపిపెట్టాల్సిన పని లేదు. మార్పు తగిలేది బడి, బ్యాంకు, ఆఫీసు, రైలు అనే నాలుగింటికే.

ఈ ఆలోచన పుట్టుక గురించి తరచూ బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు చెబుతారు. 1784లో ఆయన రాసింది పారిస్‌వాళ్లు పొద్దెక్కేదాకా పడుకుని కొవ్వొత్తులు తగలేస్తున్నారన్న వేళాకోళం. గడియారం జరపమని అందులో లేదు. ఆ మాట సూటిగా అన్నది న్యూజీలండ్ కీటక పరిశోధకుడు జార్జ్ హడ్సన్, 1895లో. ఉద్యోగం అయ్యాక పురుగులు పట్టుకోవడానికి సాయంత్రం వెలుగు చాలక ఏకంగా రెండు గంటలు జరపమన్నాడు. 1907లో ఇంగ్లండ్‌లో ఇళ్లు కట్టించే విలియం విలెట్ ఒక్కో ఆదివారం 20 నిమిషాల చొప్పున నాలుగు ఆదివారాలు జరుపుదామని కరపత్రం వేశాడు. ఎవరూ వినలేదు. చివరికి బొగ్గు ఆదా కోసం 1916 ఏప్రిల్ 30న జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ మొదలుపెట్టాయి, మూడు వారాల్లో బ్రిటన్ అనుసరించింది. విలెట్ అంతకు ముందు ఏడాదే చనిపోయాడు.

మన దేశం కూడా ఒకసారి గంట జరిపింది. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 వరకు ఐఎస్‌టీ (భారత ప్రామాణిక సమయం) ఒక గంట ముందు నడిచింది. అయితే అది ఋతువుల వారీ మార్పు కాదు. మూడేళ్లూ చలికాలం సహా ఏకధాటిగా ముందే ఉంది. పొరుగున బంగ్లాదేశ్ కరెంటు కొరతతో 2009 జూన్ 19న గంట ముందుకు జరిపి, ఆ డిసెంబర్ 31తో వదిలేసింది. శ్రీలంక 1996లో మొదట గంట, తర్వాత దాన్ని తగ్గించి అరగంట ముందు నడిచి, 2006లో మళ్లీ మన టైముకు వచ్చేసింది. మధ్యలో తమిళ పులుల (ఎల్‌టీటీఈ) ఆధీనంలోని ప్రాంతాలు పాత టైమే పాటించాయి. ఒక చిన్న దీవిలో రెండు గడియారాలు. మన చుట్టుపక్కల దేశాల్లో ఇది ఎందుకు నిలవదో చెప్పడానికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

ఇక కరెంటు ఆదా. ఈ పద్ధతి బతికి ఉన్నదే ఆ పేరు మీద కాబట్టి ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. సాయంత్రం నాలుగు దీపాలు వెలిగే ఇల్లు. పాత 60 వాట్ల బల్బులైతే మొత్తం 240 వాట్లు. రోజుకు ఒక గంట చొప్పున ఏడు నెలలు, అంటే సుమారు 214 రోజులు మిగిలిస్తే 51 యూనిట్లు. చెప్పుకోదగ్గ ఆదాయే. కానీ 2015లో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు ఇళ్లకు చేరాయి. అవే నాలుగు దీపాలు 9 వాట్ల ఎల్‌ఈడీలైతే మొత్తం 36 వాట్లు, ఏడు నెలలకు ఎనిమిది యూనిట్లు కూడా నిండవు. ఇప్పుడు అదే ఇంట్లో టన్నున్నర ఏసీ ఉందనుకోండి. మే నెలలో గంటకు 1.2 నుంచి 1.5 యూనిట్లు లాగుతుంది. గడియారం ముందుకు జరిగితే ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేది గడియారంలో ఐదున్నరకే, ఎండలో మాత్రం అసలు నాలుగున్నరకు. గోడలు కాలుతున్న వేళ ఇల్లు చేరితే ఏసీ కనీసం అరగంట ముందు మొదలవుతుంది. ఆ ఒక్క అరగంట, దీపాల మీద పదహారు నుంచి ఇరవై సాయంత్రాలు మిగిల్చినదంతా మింగేస్తుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రం 2006లో మొత్తంగా ఈ పద్ధతిలోకి వచ్చినప్పుడు ఇళ్ల కరెంటు బిల్లులు పట్టుకుని ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క కట్టారు. వాడకం తగ్గలేదు సరికదా, ఒక శాతం దాకా పెరిగింది. దీపాల్లో మిగిలింది, చల్లదనానికీ వెచ్చదనానికీ అంతకంటే ఎక్కువ పోయింది. మరోపక్క, అమెరికా ఇంధన శాఖ 2008లో తన నివేదికలో, ఈ పద్ధతిని అదనంగా పొడిగించిన వారాల్లో రోజుకు సగం శాతం ఆదా కనిపించిందని చెప్పింది. ఏడాది మొత్తం వాడకంతో పోలిస్తే అది 0.03 శాతం. ఆదా ఉన్నా లేకున్నా, లెక్క తప్పితే కొట్టుకుపోయేంత చిన్నది.

ఆరోగ్యం సంగతి వేరు, అక్కడ ఆధారాలు గట్టిగానే ఉన్నాయి. మార్చిలో గంట ముందుకు జరిగిన రాత్రి జనం ఒక గంట నిద్ర పోగొట్టుకుంటారు. తర్వాతి వారం స్వీడన్‌లో గుండెపోట్లు సుమారు 5 శాతం పెరిగినట్టు 2008లో ప్రచురితమైన అధ్యయనం, అమెరికాలో ప్రాణాంతక రోడ్డు ప్రమాదాలు 6 శాతం పెరిగినట్టు 2020లో మరొకటి చెప్పాయి. గంట పోవడం ఒక్కటే కాదు, వెలుగు వేళ మారడం అసలు కారణం. పొద్దుటి ఎండ ఒంట్లోని గడియారాన్ని ముందుకు తోస్తుంది, సాయంత్రం వెలుగు వెనక్కి లాగుతుంది. వేసవి టైములో పొద్దుటి వెలుగు తగ్గి సాయంత్రపు వెలుగు పెరుగుతుంది కాబట్టి నిద్ర వేళ ఆలస్యమవుతుంది, బడి గంట మాత్రం ఆలస్యం కాదు. అందుకే అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ 2020లో, ఏడాదంతా ప్రామాణిక సమయమే ఉండాలని కోరింది. భారత్‌లో కూడా, పొద్దు ఆలస్యంగా గుంకే చోట పిల్లలు తక్కువ నిద్రపోతున్నారనీ, చదువు మీద దాని దెబ్బ కనిపిస్తోందనీ పరిశోధన వచ్చింది. ఆ లెక్కన బరంపురం పిల్లల కంటే నాందేడ్ పిల్లలు ఇప్పటికే కాస్త నష్టంలో ఉన్నారు. వాళ్ల సాయంత్రాన్ని ఇంకో గంట సాగదీయడం ఏం వైద్యం?

లాభాలు లేవని కాదు. సాయంత్రం వెలుగులో దుకాణాలకు బేరం పెరుగుతుంది, మైదానాల్లో ఆట సాగుతుంది, చీకట్లో రోడ్డు దాటేవాళ్లకు ముప్పు తగ్గుతుంది. బరంపురంలో నవంబర్ చివర పొద్దు 5:12కే గుంకిపోతుంది. నాలుగింటికి బడి వదిలితే ఇంటికి చేరి పుస్తకాలు పడేసేసరికి సందె చీకటి. అక్కడి తల్లిదండ్రులు ఇంకొంచెం సాయంత్రం కోరుకోవడం న్యాయమే. చిక్కేమిటంటే డేలైట్ సేవింగ్ పద్ధతిలో నవంబర్‌లో గంట వెనక్కి వచ్చేస్తుంది. వెలుగు కావాల్సిన నెలలో అది ఇవ్వదు, ఎండ మండే మే నెలలో మాత్రం బోనస్‌గా ఇస్తుంది. వద్దు బాబోయ్ అన్నా.

మనవాళ్లు దీనికి ఎప్పుడో వేరే దారి పట్టారు. గడియారాన్ని ముట్టుకోకుండా గంట కొట్టే వేళ మార్చేశారు. ఆంధ్ర, తెలంగాణల్లో ఒంటిపూట బడి అంటాం, ఒడిశాలో మార్నింగ్ స్కూల్ అంటారు. ఈమధ్య సంవత్సరాల్లో ఒడిశాలో ఏప్రిల్ మొదట్లోనే ఉదయం 6:30 నుంచి 10:30 వరకు తరగతులు నడిచాయి. వేసవిలో కోర్టులు పొద్దుటి పూటే కూర్చుంటాయి. మిట్టమధ్యాహ్నం 11 నుంచి 3 దాకా బయట కూలి పని వద్దని కార్మిక శాఖ ఉత్తర్వులిస్తుంది. పంజాబ్ 2023 మే 2 నుంచి జూలై 15 వరకు ప్రభుత్వ ఆఫీసులను ఉదయం 7:30 నుంచి మధ్యాహ్నం 2 దాకా నడిపింది. ఇది డేలైట్ సేవింగే, కాకపోతే రైలు, పంచాంగం, ఫోను ఏవీ చెడకుండా.

ఇందులోనూ తప్పులు దొర్లుతాయి. ఏప్రిల్ 15న బరంపురంలో పొద్దు పొడిచేది 5:34కి. అక్కడ 6:30 బడి అంటే వెలుగొచ్చి దాదాపు గంట, పిల్ల లేచి మొహం కడుక్కుని చద్దన్నం తిని రావచ్చు. అదే 6:30 గంట నాందేడ్‌లో కొడితే అక్కడ పొద్దు పొడిచి 26 నిమిషాలే. పిల్లలు చీకట్లో లేవాలి, దూరపు పల్లెల నుంచి మొదటి బస్సు అందదు. ఇంకొకటి, భోజనం. మధ్యాహ్న భోజనం పదిన్నరకే పెట్టాలంటే వంటమనిషి ఏడింటికల్లా పొయ్యి వెలిగించాలి, సరుకు ముందు రోజే బడికి చేరాలి. గంట మార్చిన ఉత్తర్వులో బస్సు, పొయ్యి, నీళ్ల ట్యాంకు వేళలు కూడా మారకపోతే మొదటి వారం పిల్లలు ఆకలితో ఇంటికి వెళ్తారు. రాష్ట్రమంతటికీ ఒకే వేళ అనేకంటే, జిల్లా పొద్దును బట్టి పావుగంట అటూ ఇటూ జరుపుకునే వీలు కలెక్టరుకు ఇస్తే చాలా చిక్కులు తీరతాయి. మా దృష్టిలో ఈ సరిహద్దు జిల్లాలకు సరిపడే మార్పు అదే.

పంచాంగం మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న లెక్క. గోడ క్యాలెండర్‌లో సోమవారం రాహుకాలం 7:30 నుంచి 9:00 అని ఉంటుంది. అది ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికి గుంకే రోజుకు వేసిన పట్టిక. నిజానికి రాహుకాలం పగటిలో ఎనిమిదో వంతు. డిసెంబర్ 21 బరంపురం పగటిని ఎనిమిదితో భాగిస్తే 82 నిమిషాలు, సోమవారమైతే 7:42 నుంచి 9:05. జూన్ 21న భాగం దాదాపు వంద నిమిషాలు, 6:54 నుంచి 8:33. క్యాలెండర్ మాట నమ్మి తొమ్మిది దాకా ఆగినవాళ్లు అనవసరంగా అరగంట ఆగినట్టే. గడియారం జరిపితే ఇది ఇంకో గంట కదులుతుంది, పైగా తిథి, నక్షత్రాల అంత్యాలు ఐఎస్‌టీలో అచ్చవుతాయి. ఉగాదికి కొన్న పంచాంగంలో సగం పేజీలకు గంట కలుపుకోవాలి, మిగతా సగానికి వద్దు. పెళ్లి ముహూర్తం దగ్గర ఆ గొడవ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

రేఖాంశం జబ్బుకు కూడా మందులు ప్రతిపాదించినవాళ్లున్నారు. బెంగళూరు ఎన్‌ఐఏఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్) పరిశోధకులు దిలీప్ అహూజా, డి.పి. సేన్‌గుప్తా దేశమంతటికీ ఒకేసారి శాశ్వతంగా అరగంట ముందుకు జరపమన్నారు. సాయంత్రపు గరిష్ఠ వాడకం తగ్గి ఏటా 200 కోట్ల యూనిట్లకు పైగా మిగులుతాయని వారి అంచనా. ఎల్‌ఈడీలు రాకముందు వేసిన లెక్క అది. బరంపురానికి ఇది బాగానే ఉంటుంది: డిసెంబర్‌లో 6:50కి సూర్యోదయం, 5:48కి అస్తమయం. నాందేడ్‌లో సంక్రాంతి నాడు మాత్రం పొద్దు 7:27కి గానీ రాదు, గుజరాత్ పడమటి కొసకు వెళ్తే ఎనిమిది దాటుతుంది. 2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు రెండు టైములు పెట్టి, 89 డిగ్రీల 52 నిమిషాల రేఖ దగ్గర, అంటే అస్సాం-బెంగాల్ సరిహద్దు దగ్గర గీత గీయమన్నారు. అస్సాం తేయాకు తోటలు ఎలాగూ ఎప్పటినుంచో గంట ముందు టైముతోనే నడుస్తున్నాయి. ఆ గీత ఒడిశా జోలికి రాలేదు, రాకపోవడమే మేలు. ఇచ్ఛాపురం నుంచి బరంపురం సుమారు పాతిక కిలోమీటర్లు. శ్రీకాకుళం జిల్లా నుంచి పెద్దాసుపత్రి ఓపీ చీటీకి పొద్దున్నే బస్సెక్కేవాళ్లు, సాయంత్రం సరుకుతో వెనక్కి వచ్చేవాళ్లు రోజూ ఉంటారు. మధ్యలో గంట గీత పడితే ఇచ్ఛాపురంలో ఏడింటికి ఎక్కినవాడు ఎనిమిదిన్నర దాటాక దిగుతాడు.

రైలు సంగతి ఇంకా తమాషా. అమెరికాలో యామ్‌ట్రాక్ అనే రైలు సంస్థ వాళ్లు నవంబర్‌లో గంట వెనక్కి జరిగిన రాత్రి, నడుస్తున్న బండిని స్టేషన్‌లో ఆపి టైము కలిసేదాకా ఉంచుతారు. మార్చిలో అయితే ప్రతి బండీ ఒక్క క్షణంలో గంట లేటు అయిపోతుంది, తర్వాత పరుగెత్తి పూడ్చుకోవడమే. హౌరా-చెన్నై మార్గం మీద, రాత్రి రెండింటికి పలాసకీ బరంపురానికీ మధ్య ఎన్ని బండ్లు ఉంటాయో తెలిసినవాళ్లు ఈ ఆలోచనకు దండం పెడతారు.

మనం జరపకపోయినా ఎదుటివాళ్లు జరుపుతారు, ఆ దెబ్బ తగిలేది ఇక్కడే. యూరప్ పార్లమెంటు 2019లో ఈ పద్ధతి ఎత్తేయాలని ఓటేసినా సభ్యదేశాల దగ్గర అది ఆగిపోయింది. అమెరికా 1974 జనవరిలో ఏడాదంతా వేసవి టైము అని మొదలుపెట్టి, పిల్లలు చీకట్లో బడికి వెళ్తున్నారని అదే ఏడాది వెనక్కి తగ్గింది. రష్యా 2011లో శాశ్వత వేసవి టైముకు, 2014లో శాశ్వత చలికాలపు టైముకు మారింది. ఇప్పటికి గుర్తుంచుకోవాల్సింది అమెరికాకు మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం. యూరప్‌కు మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాలు. 2026లో అవి మార్చి 8, నవంబర్ 1. మార్చి 29, అక్టోబర్ 25. మార్చిలో ఆ మధ్య మూడు వారాలు, అక్టోబర్ చివర ఒక వారం లండన్-న్యూయార్క్ తేడా ఐదు గంటలు కాక నాలుగే. అమెరికా, లండన్ రెండు వైపులా మనుషులుండే మీటింగులు చెడేది ఆ వారాల్లోనే.

న్యూయార్క్‌తో మన తేడా వేసవిలో 9 గంటల 30 నిమిషాలు, చలికాలంలో 10 గంటల 30 నిమిషాలు. ఇక్కడ ఆదివారం ఉదయం 7:30కి ఫోన్ చేసే అమ్మకు, అక్కడ పిల్లలు వేసవిలో శనివారం రాత్రి పదింటికి, చలికాలంలో తొమ్మిదింటికి దొరుకుతారు. ఉద్యోగం ఇంటర్వ్యూకు జూలైలో ‘ఉదయం 10, ఈఎస్‌టీ’ అని మెయిల్ వస్తే ఆగి అడగాలి. ఈఎస్‌టీ అంటే న్యూయార్క్ చలికాలపు టైము, ఈడీటీ అంటే అక్కడి వేసవి టైము. అక్షరాలా తీసుకుంటే అది మన రాత్రి 8:30, వాళ్ల ఉద్దేశం దాదాపు ఎప్పుడూ ఈడీటీ, అంటే 7:30. ‘న్యూయార్క్ టైము’ అని ఊరి పేరుతో రాయించుకుంటే ఈ తప్పు రాదు. సాఫ్ట్‌వేర్ పనివాళ్లు సమయాన్ని యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) దాచుకుని, చూపించేటప్పుడు ఊరి పేరున్న జోన్‌తో మార్చాలి. తేడా గంటల్ని కోడ్‌లో చేత్తో రాయకూడదు. అమెరికా సర్వర్ మీద రాత్రి 1 నుంచి 3 మధ్య ఏ పనీ షెడ్యూల్ చేయకపోవడం మంచిది. మార్చి 8న అక్కడ 2:30 అనేదే ఉండదు, ఆ పని నడవకుండా పోవచ్చు. నవంబర్ 1న 1:30 రెండుసార్లు వస్తుంది: మొదటిసారి మన గడియారంలో ఉదయం 11:00, రెండోసారి మధ్యాహ్నం 12:00.